మైక్రోస్కోపుకు పెట్టిన బొట్టు

నేను రిటైరైన రోజు మా బడిలో నాకొక శాలువా కప్పి, మెడలో దండ వేసి, ఒక ఫోటో ఫ్రేము చేతిలో పెట్టారు. శాలువాను మా ఆవిడ ఎవరికో ఇచ్చేసింది. దండ ధర్మవరం నుంచి హిందూపురం వచ్చేలోపు రైల్లోనే వాడిపోయింది. ఫ్రేము మాత్రం మా హాల్లో గోడకు వేలాడుతోంది, నేను వద్దని మొత్తుకున్నా.

ఆ ఫోటోలో ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు, స్టూలు ఎక్కి దానికి కన్ను ఆనించిన ఎనిమిదేళ్ల పాప ఉంటుంది. పాప తల మీద చెయ్యి పెట్టి కెమెరా వైపు నవ్వుతున్నది ఒక అధికారి. ఆయన పక్కన మా హెడ్మాస్టరు, ఆ పక్కన నేను. ముగ్గురమూ పళ్లికిలిస్తున్నాం. పాప ముఖం కనిపించదు. కింద బంగారు రంగు అక్షరాలతో "చిన్నారుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని నాటిన గురువుగారికి" అని రాయించారు. నాటడం! శనగ విత్తనమా నాటడానికి?

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ ఫోటో చూసి, "ఆ పాప ఏం చూస్తాంది సార్?" అని అడుగుతారు. ఇన్నాళ్లూ ఎర్రగడ్డ పొర, అదే ఉల్లిపొర, అని చెప్పి తప్పించుకున్నాను. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరి, చేతిలో ట్యాబులు పట్టుకుని, రోజుకు ఇన్ని ఫోటోలు పైకి పంపాలని పరుగులు తీస్తున్న మీ కోసం ఒక్కసారి నిజం చెప్తాను. వినండి, ఆపైన మీ ఇష్టం.

ధర్మవరంలో నేతపని వాళ్ల వీధుల మధ్య మా బడి. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. నేను పెద్ద తరగతులకు సైన్సు చెప్పేవాణ్ణి. చెప్పడమంటే ఏముంది, పుస్తకంలో ఉన్నది బోర్డు మీద వేయడం, బోర్డు మీద ఉన్నది పిల్లలు నోటుపుస్తకంలో వేయడం, దానికి నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టడం. ఉల్లిపొరలోని కణాల బొమ్మ కళ్లు మూసుకుని వేసేవాణ్ణి. నిజం కణాన్ని చివరిసారి చూసింది కాలేజీలో, అదీ నా ముందున్న వాడి భుజం మీదుగా తొంగిచూసి.

మైక్రోస్కోపు మా బడికి వచ్చి అప్పటికే చాలా ఏళ్లయింది. వచ్చిన రోజునే హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మాట వరసకు చెప్పడం లేదు, నిజంగానే మొలతాడుకు కట్టుకున్నాడు. ఎప్పుడైనా అడిగితే, "పగిలితే ఎవురు జవాబు చెప్పేది సార్? నువ్వు చెప్తావా?" అనేవాడు. నేను చెప్పను. అందుకని మళ్లీ అడిగేవాణ్ణి కాదు. ఏటేటా సామాన్ల లెక్క చూసే రోజున బీరువా తెరిచి, పెట్టె పైనుంచే చూసి, రిజిస్టరులో "మైక్రోస్కోపు, ఒకటి, పనిచేయుచున్నది" అని రాసేవాళ్లం. కింద సంతకం నాది. అది పనిచేస్తోందో లేదో దేవుడికే తెలియాలి.

దేవుడికి తెలిసే ఏర్పాటు మాత్రం ఒకటి ఉండేది. ఆయుధ పూజ. ధర్మవరంలో ఆ పండగనాడు మగ్గాలకు పసుపు కుంకాలు పెట్టని ఇల్లుండదు. మా బడి అటెండరూ అంతే భక్తిగా గంటకూ, సైకిలు పంపుకూ, కంప్యూటరుకూ బొట్లు పెట్టేవాడు. ఏడాది మొత్తంలో ఆ బీరువాలోంచి మైక్రోస్కోపు బయటికొచ్చేది ఆ ఒక్కరోజే. దాన్ని బల్ల మీద పెట్టి, అటెండరు చేత బొట్టు పెట్టించి, ఒక నిమ్మకాయ కోసి, బొరుగులూ బెల్లమూ పంచేవాళ్లం. నేనూ తిన్నాను. బొట్టు యాడ పెట్టినావప్పా అని ఆయన్ను ఒక్క ఏడాదైనా అడిగిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా చిన్నపిల్లలకు మైక్రోస్కోపు చూపించాలని పైనుంచి హుకుం వచ్చింది. మూడో తరగతి నుంచే మొదలుపెట్టాలట. ఆలోచన మంచిదే, కాదనను. దానికి పెనుకొండలో మాకు ఒకరోజు శిక్షణ పెట్టారు. పొద్దున పోతే సాయంత్రం దాకా గోడ మీద తెర కట్టి బొమ్మలు చూపించారు. మైక్రోస్కోపు బొమ్మ, దాని భాగాల బొమ్మ, అందులోకి చూస్తున్న తెల్లదొరల పిల్లల బొమ్మ. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ఆ శిక్షకుణ్ణి, "అసలు మైక్రోస్కోపు యాడుంది సార్?" అని అడిగాను. "అది ప్రతి బడిలో ఉంది కదా, ఇక్కడికి తేవడమెందుకని తేలేదు" అన్నాడు. ఈత నేర్పేవాడు బావి బొమ్మ గీసి దూకమన్నట్టుంది. అందరం చప్పట్లు కొట్టి, సర్టిఫికెట్లు తీసుకుని బస్సెక్కాం.

నెల తిరక్కుండానే ఒక అధికారి మా బడికి వచ్చి, చిన్నపిల్లలు మైక్రోస్కోపు వాడడం స్వయంగా చూస్తారని కబురొచ్చింది. వెంట ఫోటోగ్రాఫరు కూడా వస్తాడట. అప్పుడు విప్పాడు మా హెడ్మాస్టరు మొలతాడు, పండగ కాకపోయినా.

అధికారి రావడానికి వారం ముందు మూడో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను. ఆ రోజే ఆ ఫోటోలోని పాపను మొదటిసారి గమనించాను. నేతగాడి కూతురు. బక్కపలచగా, రెండు జడలతో, ముందు వరుసలో కూర్చునేది. బెల్లు కొట్టగానే నా దగ్గరికొచ్చి గుప్పిట్లోంచి ఒక అగ్గిపెట్టె తీసింది.

"సార్, ఈడ చీమ కాలుండాది. పట్టు పోగుండాది. శనక్కాయ మీద ఎర్ర పొట్టు ఉంటాది కదా, అదీ ఉండాది. మూడూ చూపిస్తారా సార్?"

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"పట్టు పోగులో ఇంకా సన్న పోగులుంటాయని మా అవ్వ చెప్పింది సార్. ఎన్నుంటాయో లెక్కబెట్టాల."

ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. మైక్రోస్కోపు కింద పెట్టడానికి తనంతట తాను ఏదో తెచ్చిన మనిషి ఆ పిల్లే మొదలు. నేను తేలేదు, నా తోటివాళ్లు తేలేదు. "ఆ పెద్దసారు వచ్చిపోనీ, నీ అగ్గిపెట్టెలోవన్నీ నీకే చూపిస్తా" అని మాటిచ్చాను. అప్పటినుంచి రోజూ కిటికీ దగ్గర నిలబడి, "సార్, పెద్దసారు ఎప్పుడొస్తాడు?" అని అడిగేది. అధికారి రాక కోసం మనస్ఫూర్తిగా ఎదురుచూసిన ప్రాణి మా బడిలో అదొక్కటే.

మర్నాడు ఎర్రగడ్డ పొర తీసి, గాజు పలక మీద పరిచి, అయోడిన్ చుక్క వేసి, కింద పెట్టి చూశాను. అంతా పసుపుపచ్చగా, అక్కడక్కడ ఎర్రగా, మసక మసకగా ఉంది. మరలు అటు తిప్పాను, ఇటు తిప్పాను. అంతే. నాకు కళ్లలో శుక్లాలేమో అనుకున్నాను. అయోడిన్ వేస్తే కణాలు పసుపు, గోధుమ రంగుల్లో కనిపిస్తాయని పుస్తకంలో ఉంది. పసుపు కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి? ఇవే కణాలు అయ్యుంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత పిల్లల్ని వరుసగా పిలిచి, తలా అరనిమిషం చూపించాను. "ఇటుకల గోడ మాదిరి కనిపించిందా?" అని అడిగితే ప్రతివాడూ "కనిపించింది సార్" అన్నాడు. ఒకడైతే మైక్రోస్కోపుకు ఆనించిన కన్నే మూసుకుని, "బాగా కనిపిస్తాండాయి సార్" అన్నాడు. వాడు జీవితంలో పైకొస్తాడు.

ఆ పాప వంతు వచ్చింది. చాలాసేపు చూసింది.

"సార్, అంతా పచ్చగా ఉండాది. ఇటుకలేమీ లేవు."

"సరిగ్గా చూడమ్మా."

"సరిగ్గానే చూస్తాండా సార్. లేవు."

"సరే పద, వెనకాల పిల్లలున్నారు."

పుస్తకంలో ఉన్నది కనిపించకపోతే తప్పు కంటిదే అని మా నమ్మకం. అక్కడితో ఆ మాట మర్చిపోయాను.

అధికారి వచ్చే రోజు రానే వచ్చింది. హెడ్మాస్టరు నలుగురు పిల్లల్ని ఏరి, తల దువ్వించి, ఒకే వాక్యం బట్టీ పట్టించాడు. "సార్, ఉల్లిపాయ పొరలోని కణములు ఇటుకల గోడవలె అమరియున్నవి." మూడో తరగతి పిల్లలు! ఇంట్లో ఎర్రగడ్డ అనే పిల్లల చేత "అమరియున్నవి" అనిపించాడు మహానుభావుడు.

అధికారి కారు దిగాడు. దండ పడింది. నేరుగా బల్ల దగ్గరికొచ్చి, కళ్లజోడు తీసి, వంగి చూశాడు.

"వండర్‌ఫుల్!" అన్నాడు తలెత్తి. "సెల్స్ ఎంత క్లియర్‌గా ఉన్నాయి! న్యూక్లియస్ కూడా కనిపిస్తోంది. మీరూ చూడండి."

హెడ్మాస్టరు తెలుగు పండితుడు. న్యూక్లియస్సంటే తినేదో తాగేదో ఆయనకు తెలియదు. అయినా వంగి చూసి, "ఔను సార్, న్యూక్లియస్సే సార్" అన్నాడు. వెంట వచ్చిన ఇద్దరు ఉద్యోగులూ చూసి, ఒకరు "ఎక్సలెంట్" అని, ఇంకొకరు "స్టెయిన్ బాగా పట్టింది సార్" అని తల ఊపారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జాతి మాది. నేనూ ఆ జాతిలోవాణ్ణే.

అప్పుడాయన మేం తయారుచేసిన నలుగుర్నీ వదిలేసి, ముందు వరుసలో గుప్పిట బిగించి కూర్చున్న ఈ పాపను వేలు చూపించి పిలిచాడు. పాప గబగబా వచ్చి స్టూలెక్కింది. కన్ను ఆనించింది. చూసింది, చూసింది, చూస్తూనే ఉంది.

"ఏం కనిపిస్తోంది తల్లీ?"

"పచ్చగా ఉండాది సార్."

"అది స్టెయిన్. రంగు. ఇంకా?"

పాప స్టూలు దిగి, బల్ల పక్కన గొంతుక్కూర్చుని, మెడ వంకర పెట్టి, మైక్రోస్కోపు గొట్టం కిందనుంచి పైకి చూసింది. నేతలో తప్పు పడితే వాళ్ల ఇళ్లల్లో చేసే పనే అది. పైనుంచి కనపడని తప్పును కిందనుంచి చూడమని చిన్నపిల్లల్ని మగ్గం కిందికి పంపిస్తారు. ఈ పిల్ల ఇంట్లో ఎన్నిసార్లు దూరిందో.

"సార్, గొట్టం కొసన అద్దానికి ఎవురో కుంకుమ బొట్టు పెట్నారు. దానికే ఏమీ కనపల్లేదు."

పిల్లలు గొల్లుమన్నారు. వాకిట్లో నిలబడిన అటెండరు గర్వంగా నోరు తెరవబోయాడు. హెడ్మాస్టరు చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాడు. అధికారి ముఖం మీద నవ్వు అలాగే ఉంది, కళ్లల్లో మాత్రం లేదు. నా వైపు తిరిగి, "ఏం మాస్టారూ?" అన్నాడు.

నేను చేయాల్సింది ఒక్కటే. వంగి చూడటం. అప్పటికి నా మోకాళ్లకు ఏ జబ్బూ లేదు. వంగి చూసి, "పాప చెప్పిందే నిజం సార్, బొట్టుంది" అంటే నన్ను ఉరి తీస్తారా? రిటైర్మెంటు దగ్గర పడినవాణ్ణి, ఏం పీకుతారు? అధికారి కాసేపు చిన్నబోయేవాడు, హెడ్మాస్టరు నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఇప్పుడు ఎన్నిసార్లయినా ఇలా లెక్క వేసి చెప్పగలను. అప్పుడు నా నడుం వంగలేదు. ఎదురుగా ఉన్నవాళ్లకు మాత్రం సర్వీసంతా వంగి వంగి దణ్ణాలు పెట్టిన నడుమే అది!

"అది అయోడిన్ రంగమ్మా" అన్నాను. "స్టూలెక్కి ఇంకోసారి చూడు. ఇటుకల మాదిరి కణాలు కనిపిస్తాయి. కనిపిస్తున్నాయి కదా?"

పాప నా ముఖంలోకి చూసింది. తనతో ఆటలాడుతున్నానేమో అన్నట్టు చూసింది. అగ్గిపెట్టె మీద మాటిచ్చిన సారు కదా నేను. నేను కళ్లతోనే ఎక్కు, ఎక్కు అని సైగ చేశాను. ఎక్కింది. కన్ను ఆనించింది.

"ఔను సార్. కనిపిస్తాండాయి. ఇటుకల మాదిరి."

చప్పట్లు. అధికారి పాప తల మీద చెయ్యి పెట్టాడు. ఫోటోగ్రాఫరు "అందరూ నవ్వండి సార్" అన్నాడు. మా హాల్లో వేలాడుతున్నది ఆ ఫోటోనే. ఎనిమిదేళ్ల పిల్ల చేత నేను మొదటి అబద్ధం చెప్పించిన క్షణానికి బంగారు అక్షరాలు, అద్దం, చెక్క ఫ్రేము!

కారు వెళ్లిపోయాక హెడ్మాస్టరు చెమట తుడుచుకుని, "గండం గడిచింది సార్. ఆ పిల్ల కొంప ముంచేదే, నువ్వు భలే కాపాడినావు" అన్నాడు. నన్ను మెచ్చుకున్నాడు, ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపించింది.

అందరూ పోయాక తలుపు దగ్గరగా వేసి, బల్ల పక్కన గొంతుక్కూర్చుని కిందనుంచి చూశాను. గొట్టం కొసన మూడు కటకాలు. మూడింటికీ మూడు బొట్లు. ఒక్క పండగవి కావు. అడుగున పసుపు, దాని మీద కుంకుమ, మళ్లీ పసుపు, మళ్లీ కుంకుమ, అట్టలు కట్టి ఉన్నాయి. అటెండర్ను పిలిచి, "ఈడ ఎందుకు పెట్టినావప్పా?" అని అడిగాను.

"అవి కళ్లు కదా సార్ దానికి" అన్నాడు పాపం. "పైన కంటికి పెడితే హెడ్మాస్టరు సారు తుడిచేస్తా వచ్చె. కిందవైతే ఎవురూ చూడరని ఆడ పెట్నా."

ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్లలో ఆ కటకాల దగ్గరికి చెయ్యి పోనిచ్చింది మా బడి మొత్తంలో ఆయనొక్కడే.

మరుసటి రోజు పొద్దున బడి గేటు దగ్గర ఆ పాప తండ్రి నిలబడి ఉన్నాడు. మగ్గం మీదనుంచి లేచి వచ్చినట్టున్నాడు, భుజం మీద తువ్వాలు, లుంగీ.

"మా పాప పెద్దసారు ముందర తప్పు మాట్లాడిందంట కదా సార్. పెద్దోళ్లకు ఎదురు చెప్తావా అని రెండు తగిలించినా. ఈసారికి మన్నించండి సార్."

ఇదిగో, దేవుడు నాకు రెండో అవకాశం ఇచ్చాడు. ఈసారి అధికారి లేడు, ఫోటోగ్రాఫరు లేడు. "కొట్టొద్దప్పా, తప్పు మాది, నీ కూతురు చెప్పిందే నిజం" అంటే చాలు. గొంతుదాకా వచ్చింది. నలుగురు టీచర్లు గేటులోకి వస్తున్నారు.

"పర్వాలేదులేప్పా, చిన్నపిల్ల కదా" అన్నాను.

ఆయన నాకు రెండు చేతులా దణ్ణం పెట్టి పోయాడు. ఆ దణ్ణానికి బదులుగా నేనూ చెయ్యెత్తాను. ఛీ.

ఆ మధ్యాహ్నం మందుల షాపులో స్పిరిటు కొని, మెత్తటి పాత నూలు గుడ్డతో ఆ మూడు కటకాలనూ తుడుస్తూ కూర్చున్నాను. గుడ్డ మొదట ఎర్రగా, తర్వాత పచ్చగా అయి, చివరికి తెల్లగా వచ్చింది. ఎర్రగడ్డ పొర కొత్తది తీసి పెట్టి, కన్ను ఆనించాను.

ఉన్నాయబ్బా! నిజంగానే ఇటుకల మాదిరి, గోడ వెనుక గోడగా, ఒక్కో గదిలో ఒక్కో చుక్క పెట్టుకుని. ముప్పై ఏళ్లకు పైగా బోర్డు మీద నేను గీసిన బొమ్మ నా కంటి కింద తడి తడిగా మెరుస్తోంది. రిటైరయ్యే వయసులో సైన్సు మాస్టారుకు సైన్సు కనబడింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇది ఆ పిల్లకు చూపించాలి, ఇప్పుడే చూపించాలి అనుకున్నాను. ఇది చూస్తే నిన్నటిదంతా మర్చిపోతుందని నా ఆశ. పిల్లల మనసు పలక లాంటిదని, తుడిస్తే పోతుందని మనమే కదా వ్యాసాలు రాస్తాం.

మూడో తరగతికి వెళ్లి పాపను పిలుచుకొచ్చాను. చేతులు కట్టుకుని వచ్చింది. ఎడమ చెంప కాస్త వాచి ఉంది.

"నీ అగ్గిపెట్టె ఏదమ్మా? చూపిస్తానన్నా కదా?"

"పారేసినా సార్."

"పోనీలే. ఎర్రగడ్డ పొర పెట్టినా. బొట్లన్నీ తుడిచేసినా. నువ్వు చెప్పిందే నిజం, బొట్లే అవి. ఎక్కి చూడు."

ఇది మాత్రం చెప్పాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి చెప్పాను. మీరు గమనించే ఉంటారు.

పాప స్టూలెక్కింది. మైక్రోస్కోపు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. కన్ను మాత్రం ఆనించలేదు. నా ముఖం వైపే చూస్తోంది.

"చూడమ్మా. ఏం కనిపిస్తాందో చెప్పు."

"ఏం చెప్పాల సార్?"

"నేను చెప్పేది కాదమ్మా. నీకు ఏది కనిపిస్తే అది."

పాప మైక్రోస్కోపు వైపు ఒకసారి, వాకిలి వైపు ఒకసారి చూసింది. తర్వాత స్టూలు మీద కొంచెం పక్కకు జరిగి, నాకు చోటిచ్చింది.

"మీరు ముందర చూడండి సార్. మీకేం కనిపిస్తే నాకూ అదే కనిపిస్తాది."